హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్ మనోలో మార్కెజ్‌కు ఇంకో మూడేళ్ల ఒప్పందం ఇవ్వాలా?

పసుపు_నలుపు

నిన్న (2023 మార్చి 13) కోల్‌కతాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో 4-3 తేడాతో ఓడిపోయిన తర్వాత రాత్రంతా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను. సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో గచ్చిబౌలిలో 90 నిమిషాలు, అక్కడ అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు, మొత్తం 210 నిమిషాలు ఆడి మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది.

మనోలో గారి మీద గౌరవం లేక అడగడం లేదు. 2020 ఆగస్టులో ఆయన చేతికి వచ్చినది పది జట్లలో పదో స్థానంలో నిలిచిన జట్టు. దాన్ని రెండో ఏడాదికే కప్పు విజేతగా నిలబెట్టారు. ఆ రుణం తీరేది కాదు. అయితే ఆయన ఒప్పందం ఈ సీజన్‌తో ముగుస్తోంది కాబట్టి కృతజ్ఞతను పక్కన పెట్టి ఆలోచించాల్సిన సమయం వచ్చింది. పోయిన ఏడాది లీగ్ పట్టికలో జంషెడ్‌పూర్ వెనుక రెండో స్థానం, ఈ ఏడాది ముంబై వెనుక మళ్లీ రెండో స్థానం. గోల్స్ కోసం 38 ఏళ్ల స్ట్రైకర్ ఓగ్బెచె వైపే చూస్తున్నాం. పెద్ద మ్యాచ్ వచ్చేసరికి జట్టు గెలవడానికి కాక ఓడకుండా ఉండడానికి ఆడుతున్నట్టు నాకు అనిపిస్తోంది. రాబోయే మూడేళ్లకు ఈయనే సరైన కోచ్ అని మీరు నమ్ముతున్నారా?

ఈస్ట్‌స్టాండ్_గచ్చిబౌలి

పోయిన ఏడాది మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కప్పు ఫైనల్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినప్పుడు మనమందరం కోచ్‌ను భుజాల మీద మోశాం. ఈసారి మన సివెరియో, ఓగ్బెచె కొట్టినవి గోల్‌లోకి వెళ్లలేదని అదే కోచ్‌ను దించమనడం న్యాయం కాదు.

పసుపు_నలుపు

దించమని నేను అనలేదు. మూడేళ్లకు సంతకం పెట్టించే ముందు ఆలోచించమంటున్నాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

లెక్కల_మాస్టారు

ఓడకుండా ఉండడానికే ఆడతాం అనే మాటను లెక్కలతో పరీక్షించి చూశాను. ఆయన రాకముందు 2019-20లో మనకు 18 మ్యాచ్‌లలో వచ్చినవి 10 పాయింట్లు. ఆయన మొదటి సీజన్‌లో 20 మ్యాచ్‌లకు 6 విజయాలు, 11 డ్రాలు, 3 ఓటములు, 29 పాయింట్లు. రెండో సీజన్‌లో 11 విజయాలు, 5 డ్రాలు, 4 ఓటములు, 38 పాయింట్లు. ఈ సీజన్‌లో 13 విజయాలు, 3 డ్రాలు, 4 ఓటములు, 42 పాయింట్లు.

డ్రాలు 11 నుంచి 5కు, అక్కడి నుంచి 3కు తగ్గిన తీరు చూడండి. మొదటి ఏడాది ఆయన ముందుగా ఓడిపోవడాన్ని ఆపారు, ఆ పునాది గట్టిపడిన తర్వాతే గెలవడం నేర్పారు. ఓటమి భయంతో ఆడించే కోచ్ లెక్కలు ఈ దిశలో కదలవు. ఈ 42 పాయింట్లు పోయిన ఏడాది షీల్డ్ (లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది; కప్పు ఆ తర్వాతి ఫైనల్ గెలిచినవాళ్లకు) గెలిచిన జంషెడ్‌పూర్ తెచ్చుకున్న 43 కన్నా ఒక్కటే తక్కువ. ఈసారి ముంబై 46 దాకా వెళ్లడం మన కోచ్ లోపం ఎలా అవుతుంది?

వైజాగ్_వింగర్

మాస్టారి లెక్కలు లీగ్‌కు సంబంధించినవి, పసుపు_నలుపు గారి ప్రశ్న పెద్ద మ్యాచ్‌ల గురించి. ఈ సీజన్‌లో మనం ఆడిన చివరి అంచె మ్యాచ్‌లను మాత్రమే తీసుకోండి. డ్యూరాండ్ కప్ సెమీఫైనల్‌లో బెంగళూరు చేతిలో 1-0తో ఓడాం. ఇప్పుడు బగాన్‌తో 0-0, మళ్లీ 0-0. ఆ 90, ఈ 210 కలిపితే సరిగ్గా 300 నిమిషాలు, అందులో మన ఖాతాలో ఒక్క గోల్ లేదు. ఒక మ్యాచ్‌లో జరిగితే దురదృష్టం అనుకుంటాను, వరుసగా మూడింట జరిగితే అది ఆట తీరులోని లోపమే.

సెంటర్‌సర్కిల్

లోపం ఉంది, కానీ అది భయం కాదు. మన గోల్స్ ఎక్కువగా ఎలా వస్తాయో గుర్తు చేసుకోండి. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా పైకి దూసుకెళ్తాడు, అతడు ఖాళీ చేసిన చోటును జోవా విక్టర్ కాపాడతాడు, యాసిర్ లేదా నార్జరీ లోపలికి కోసుకొస్తారు, బంతి పెనాల్టీ బాక్సులో ఓగ్బెచెకు అందుతుంది. ఎదుటి జట్టు ముందుకు వచ్చి ఆడినంతకాలం ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. బగాన్ కోచ్ ఫెరాండో దీన్ని బాగా చదివి, తన ఫుల్‌బ్యాక్‌లను (రెండు పక్కల డిఫెండర్లను) వెనక్కి ఉంచి, మనకు పరుగెత్తే చోటే లేకుండా చేశారు.

అలాంటప్పుడు ఒక ఆటగాడు తన నైపుణ్యంతో తలుపు తీయాలి. మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండకూడదన్న నిబంధన వచ్చాక ప్రతి జట్టూ ఎవరో ఒకరిని బెంచీ మీద కూర్చోబెట్టక తప్పడం లేదు. మన దగ్గర ఆ పని చేయగల భారతీయ సృజనకారుడు లేడు. ఒకప్పుడు ఉండేవాడు. అతడు నిన్న అవతలి జట్టు చొక్కాలో కనిపించాడు.

నిఖిల_నిజాంపేట

లిస్టన్ పేరు ఎత్తకుండా ఎత్తారు. నేను పూర్తిగా ఎత్తుతాను, ఎందుకంటే ఈ చర్చ అంతా అక్కడే తేలాలని నా అభిప్రాయం.

2020-21లో లిస్టన్ కొలాసో మన చొక్కా వేసుకుని ఎడమ పక్క నుంచి దూసుకొస్తుంటే దేశమంతా తలతిప్పి చూసింది. 2021లో అతడు బగాన్‌కు వెళ్లాడు. కుడి వైపు ఫుల్‌బ్యాక్‌గా కుదురుకున్న ఆశిష్ రాయ్ 2022లో అక్కడికే వెళ్లాడు. ఇద్దరినీ పేరులేని రోజుల్లో నమ్మి వరుసగా ఆడించింది మనోలో. నిన్న మనకు ఎదురుపడిన జట్టులో సగం బలం మన కోచ్ చేతుల్లో తయారైన బలమే. ఇద్దరూ వెళ్లిపోయినా ఆయన ఫిర్యాదు చేయకుండా వేరే కుర్రాళ్లను పట్టుకుని జట్టును మళ్లీ రెండో స్థానానికి తెచ్చారు.

కాబట్టి ఈ కోచ్ మన క్లబ్‌కు దీర్ఘకాలం సరిపోతాడా అన్న ప్రశ్న నాకు తలకిందులుగా కనిపిస్తోంది. ఆయన చేసే పని స్వభావమే దీర్ఘకాలికం. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి రెండేళ్లు ఓపికగా ఆటనిచ్చి, మూడో ఏడు ఫలితం కోయడం ఆయన పద్ధతి. మూడో ఏడు వచ్చేసరికి మనం కుర్రాణ్ని ఉంచుకోవడం లేదు. నాటు వేసేది మనం, కోత కోసేది పక్క పొలం వాళ్లు.

ఈస్ట్‌స్టాండ్_గచ్చిబౌలి

ఆకాశ్ మిశ్రాను కూడా ఈ వేసవిలో ఎవరో తన్నుకుపోతారని నాకు ఇప్పటినుంచే గుబులుగా ఉంది. 2020లో ఇండియన్ యారోస్ అనే యువ జట్టు నుంచి వచ్చిన కుర్రాడు ఏడాది తిరగకుండానే, 2021 మార్చిలో ఒమాన్ మీద దేశానికి ఆడాడు. మన డిఫెండర్ చింగ్లెన్‌సనా కూడా అదే మ్యాచ్‌తో జాతీయ జట్టులోకి వచ్చాడు.

వైజాగ్_వింగర్

నిఖిల గారు, ఆటగాళ్లు వెళ్లిపోయారన్నది నిజమే, కాదనను. అయితే లిస్టన్ వెళ్లిపోయిన ఏడాదే మనం కప్పు గెలిచాం కదా? ఆ సీజన్‌లో ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ చేశాడు. కుర్రాళ్ల తయారీ మీద నిలబడిన జట్టు అని మనం చెప్పుకుంటున్నాం కానీ, నిజానికి అది ఒక గొప్ప ఆటగాడి చివరి వెలుగు మీద నిలబడిందేమో కూడా చూడాలి.

నిఖిల_నిజాంపేట

18 గోల్స్ చేసింది ఓగ్బెచె. ఫైనల్‌లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది మాత్రం సాహిల్ తవోరా, ఆఖరి పెనాల్టీ కొట్టింది నార్జరీ, ఆపింది కట్టిమణి. ముగ్గురూ భారతీయులే, ముగ్గురినీ తీర్చినది ఈ కోచే.

అమ్ముగూడ_అబ్బాయి

దీర్ఘకాలం అన్న మాట మన ఊరికి కొత్త కాదు, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లనివ్వండి. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన ఒక ఏడాదో రెండేళ్లో కాదు, 1963లో కన్నుమూసేదాకా చూసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే మనిషి శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇది ఒకే బుర్ర, ఒకే ఊరి మైదానాల్లో, ఏళ్ల తరబడి పనిచేస్తే వచ్చిన ఫలితం.

పోయిన నెల 16న తులసీదాస్ బలరాం గారు వెళ్లిపోయారు. ఆయన మా అమ్ముగూడలో పుట్టిన మనిషి. 1956 ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులోనూ, 1962 స్వర్ణం జట్టులోనూ ఉన్నారు. మా నాన్న ఆయన ఆటను చూడలేదు కానీ, చూసినవాళ్ల నోట విన్నది నాకు చెబుతూ పెంచారు. ఆ వార్త వచ్చిన రోజున నేను గచ్చిబౌలి స్టేడియం గురించే ఆలోచించాను. ఆ వారసత్వం ఉన్న ఊరికి ఆరు దశాబ్దాల తర్వాత మళ్లీ దేశమంతా గుర్తించే జట్టు దొరికింది, దాన్ని తీర్చిన మనిషి మన మధ్యే ఉన్నాడు. ఆయన్ని ఒక పెనాల్టీ షూటౌట్ కొలతతో కొలవడం నాకు బాధగా ఉంది.

డల్లాస్_డిఫెండర్

అమ్ముగూడ_అబ్బాయి గారి మాటలు చదివి కళ్లు చెమర్చాయి. అయినా ఒక భేదం చెప్పక తప్పదు. రహీం సాబ్ జట్టులోని ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. వాళ్లను కట్టి ఉంచడానికి ఉద్యోగం ఉండేది, కోచ్‌ను కట్టి ఉంచడానికి ఊరే ఉండేది. ఇప్పటి లీగ్‌లో కోచ్ అంటే ఒప్పందం మీద వచ్చి వెళ్లే మనిషి. మనకే జరిగింది చూడండి. ఫిల్ బ్రౌన్ మొదటి సీజన్ సగంలో వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎంతో ఆశతో తెచ్చుకున్న ఆల్బర్ట్ రోకా ఒక్క పూర్తి సీజన్ కూడా నడపకుండానే బార్సిలోనా పిలిచిందని వెళ్లారు. ఆ ఖాళీలోకే మనోలో వచ్చారు. ఇప్పుడు బగాన్‌ను నడిపిస్తున్న ఫెరాండో కూడా 2021 డిసెంబరులో సీజన్ మధ్యలో గోవాను వదిలి వెళ్లినవారే.

మనం మనోలోకు మూడేళ్లు ఇచ్చినా ఆయన మూడేళ్లు ఉంటారన్న హామీ ఏమిటి? 2017లో స్పెయిన్ మొదటి శ్రేణిలో లాస్ పాల్మాస్ పగ్గాలు అందుకుని, సీజన్ మొదలైన కొన్ని వారాలకే రాజీనామా చేశారు. ఆ తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్, ఎక్కడా ఎక్కువ కాలం లేరు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఆయన ప్రయాణం అలా సాగిందని మాత్రమే అంటున్నాను.

నిన్న ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి మ్యాచ్ మొదలైంది. సోమవారం పనులన్నీ మధ్యాహ్నానికి జరిపి చూశాను. అంత ఇష్టం ఉంది కాబట్టే ఈ అనుమానం.

లెక్కల_మాస్టారు

డల్లాస్_డిఫెండర్ గారు ఇచ్చిన వివరాల నుంచే నేను వేరే అర్థం తీసుకుంటున్నాను. ఎక్కడా ఎక్కువ కాలం ఉండని మనిషి ఇక్కడ మూడు సీజన్లు నిలిచారంటే ఈ చోటు ఆయనకు సరిపడినట్టే కదా.

కొత్తగూడెం_కీపర్

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చిన్నప్పుడు ఒక ప్రైవేటు అకాడమీలో నాలుగేళ్లు గోల్‌కీపర్‌గా ఆడాను. ఆ నాలుగేళ్లలో ఐదుగురు కోచ్‌లు మారారు. మొదటి ఆయన గీత దాటి రావద్దన్నారు. రెండో ఆయన ప్రతి కార్నర్‌కూ బయటికి వచ్చి బంతిని గుద్దమన్నారు. మూడో ఆయన కాలితో చిన్న పాస్‌లు ఇమ్మన్నారు, నాలుగో ఆయన ఆ పాస్‌లు చూసి మైదానం మధ్యలోనే కేకలు వేశారు. ఐదో ఆయన వచ్చేనాటికి బంతి గాలిలోకి లేస్తే ముందుకు రావాలో వెనక్కి ఉండాలో నా కాళ్లకే తెలియని స్థితి. పద్దెనిమిదో ఏట మానేశాను.

కోచ్ మంచివాడా కాదా అన్నది తర్వాతి మాట. ఒకే మాట మూడేళ్లు వినిపించడమే కుర్రాడికి పెద్ద వరం. రబీ, రోహిత్ దాను, హితేశ్ లాంటి మన కుర్రాళ్ల గురించి ఆలోచించినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది అదే.

సెంటర్‌సర్కిల్

కీపర్ గారి అనుభవానికి పెద్ద స్థాయిలో ఉదాహరణ జంషెడ్‌పూర్. ఓవెన్ కోయిల్ వాళ్లకు పోయిన ఏడాది షీల్డ్ తెచ్చి వెళ్లిపోయారు. కొత్త కోచ్, కొత్త పద్ధతి వచ్చాయి. ఈ సీజన్‌లో వాళ్లు ముగించింది పదో స్థానంలో. ఒక్క ఏడాదిలో మొదటి స్థానం నుంచి పదో స్థానానికి జారారు.

పసుపు_నలుపు

జంషెడ్‌పూర్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ముంబైని కూడా చూడాలి కదా? 2020-21లో కోచ్ లొబేరా వాళ్లకు షీల్డ్, కప్పు రెండూ తెచ్చి వెళ్లిపోయారు. తర్వాతి సీజన్‌లో కొత్త కోచ్ బకింగ్‌హామ్ తడబడ్డారు, జట్టు మొదటి నాలుగు స్థానాల్లో కూడా నిలవలేదు, ఆ మరుసటి ఏడాది, అంటే ఇప్పుడు, 46 పాయింట్లతో షీల్డ్ తెచ్చారు. కోచ్ మారినా క్లబ్ నిలిచింది. మార్పు అంటే పతనమే అనుకోవడం కూడా సరికాదు.

సెంటర్‌సర్కిల్

ముంబై వెనుక ఉన్న డబ్బు, వ్యవస్థ మన దగ్గర లేవు. వాళ్లు ఒక ఏడాది తడబడినా ఆటగాళ్లను నిలబెట్టుకోగలరు. మనకు ఆ వెసులుబాటు లేదు.

మల్లేపల్లి_మిడ్‌ఫీల్డర్

ఇంతసేపూ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. నిన్న మొదలైన పదకొండు మందిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కుర్రాడు ఒక్కడైనా ఉన్నాడా? సిక్కిం, మణిపూర్, గోవా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లను నేను నా వాళ్లే అనుకుని అరుస్తాను, అందులో ఏ లోటూ లేదు. అయినా రహీం సాబ్ పేరు తలుచుకునే ఊరి జట్టుకు ఆ ఊరి కుర్రాడు ఆడకపోవడం నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మా పేటలో సాయంత్రం మట్టి మైదానంలో ఆడే పిల్లలను చూసినప్పుడల్లా, వీళ్లకూ గచ్చిబౌలికీ మధ్య దారి ఎక్కడుందా అని వెతుక్కుంటాను. దీర్ఘకాలం అంటే నాకు ఇదీ లెక్కే.

లెక్కల_మాస్టారు

మీ బాధ సరైనదే, కానీ ఆ భారం సీనియర్ జట్టు కోచ్ మీద పెట్టలేం. ఆయన చేతికి ఇరవై ఏళ్ల కుర్రాడు వస్తే తీర్చగలరు. పదేళ్ల పిల్లవాణ్ని మల్లేపల్లిలో వెతికి పట్టుకోవడం క్లబ్ చేయాల్సిన పని, అది కోచ్ ఒప్పందం కన్నా పొడవైన పని.

ఈస్ట్‌స్టాండ్_గచ్చిబౌలి

స్టాండ్లు నిండితే ఆ పనికి డబ్బు కూడా వస్తుంది. ఆయన మొదటి రెండు సీజన్లు కరోనా వల్ల పూర్తిగా గోవాలోనే జరిగాయి. కప్పు తెచ్చిన జట్టును మన ఊరి జనం ఒక్క మ్యాచ్‌లోనైనా ఇక్కడ చూడలేకపోయారు. ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించినప్పుడు కూడా స్టాండ్లు కేరళ వాళ్లతోనే నిండిపోయాయి. విజేత జట్టు ఇంటికి వచ్చి ఆడడం మొదలైంది పోయిన అక్టోబరులోనే. అంటే ఈ ఊరు, ఈ కోచ్ ఒకరినొకరు చూసుకుంటున్నది ఇంకా ఆరు నెలలు నిండని కాలంగానే. ఇంత త్వరగా విడిపోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

నిఖిల_నిజాంపేట

బెంగళూరు చేసినది ఇక్కడ పనికొస్తుంది. అప్పట్లో వాళ్ల కోచ్‌గా ఉన్న రోకా 2018లో వెళ్లినప్పుడు వాళ్లు బయటినుంచి ఎవరినీ తేలేదు. ఆయన సహాయకుడిగా ఉన్న కార్లెస్ కువాద్రాత్‌కే పగ్గాలిచ్చారు, ఆ సీజన్‌లోనే కప్పు గెలిచారు. మనిషి మారినా పద్ధతి మారలేదు. మన దగ్గర సహాయక కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో, మనోలో పక్కనే కూర్చుంటున్నారు. ఆయనకు భారతీయ కుర్రాళ్లు కొట్టిన పిండి.

మనోలోకు ఇంకో రెండేళ్లు ఇచ్చి, ఆ రెండేళ్లలో తన తర్వాతి మనిషిని తయారు చేసే బాధ్యతను కూడా ఒప్పందంలోనే రాయించాలి. డల్లాస్_డిఫెండర్ గారి భయానికి నాకు తోచిన జవాబు ఇదే. ఆయన మధ్యలో వెళ్లినా మనం రోడ్డు మీద పడం.

డల్లాస్_డిఫెండర్

ఇది నాకు నచ్చింది. మూడేళ్ల కన్నా రెండేళ్లు నయం, అందులో వారసుడి మాట ఉంటే మరీ నయం.

పసుపు_నలుపు

నిన్న రాత్రి ఉన్నంత కోపం ఇప్పుడు లేదు. నిఖిల గారు చెప్పిన రెండేళ్ల ఒప్పందానికి నేనూ చేయి ఎత్తుతాను, రెండు షరతులతో. ఆకాశ్ మిశ్రాను ఈ వేసవిలో వదలకూడదు. ఓగ్బెచె తర్వాత గోల్ చేసే మనిషి ఎవరో ఆగస్టులో కాదు, ఇప్పుడే తేలాలి. ఈ రెండూ జరగకపోతే ఎంత గొప్ప కోచ్‌ను కూర్చోబెట్టినా వచ్చే మార్చిలో మళ్లీ ఇదే ప్రశ్న వేసుకుంటాం.

వైజాగ్_వింగర్

నా 300 నిమిషాల లెక్కకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు. సెంటర్‌సర్కిల్ గారు కారణం చెప్పారు, పరిష్కారం చెప్పలేదు. ఏప్రిల్‌లో కేరళలో సూపర్ కప్ ఉంది. అక్కడ వెనక్కి కూర్చునే జట్టు ఎదురైనప్పుడు ఆయన కొత్తగా ఏం చేస్తారో, దానూకూ రబీకీ మొదటి నిమిషం నుంచి ఆటనిస్తారో లేదో చూసి నా మాట మార్చుకోవాలో వద్దో నిర్ణయించుకుంటాను.

కొత్తగూడెం_కీపర్

నేను ఆ వారానికి సెలవు పెట్టేశాను. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది. వైజాగ్_వింగర్ గారు హైదరాబాద్ దాకా వస్తే కలిసి వెళ్లి, ఆ నిమిషాలు స్టాండ్‌లో కూర్చునే లెక్కపెడదాం.